మొదటిసారి వచ్చేవారికి మాత్రమే

ఆయన కాళ్ళు పట్టుకుని బతుకుతున్నాడు. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు, జోళ్ళ షాపులో ఉద్యోగమంటేనే అది. పొద్దున షట్టరెత్తింది మొదలు మళ్ళీ దించేదాకా చిన్న స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతి పాదాన్నీ ఒళ్ళో పెట్టుకుని, మడమ వెనక రేకు దూర్చి, జోడులోకి దిగవిడిచి, బొటనవేలి ముందు తన బొటనవేలితో నొక్కి చూసేవాడు. "ఇక్కడ వేలంత చోటుండాలండీ. సాయంత్రానికి కాళ్ళు కూడా మనుషుల్లాగే కాస్త ఉబ్బుతాయి" అనేవాడు. వీధిలో అందరికీ ఆయన జోళ్ళాయన. కోపమొస్తే ఇల్లాలు కూడా అదే పిలుపు పిలిచేది.

ఆ శనివారం మధ్యాహ్నం ఆయన ఒళ్ళో ఉన్న పాదం టై కట్టుకున్న ఒకాయనది. పాదానికి టై లేదు గానీ బెట్టు మాత్రం ఉంది. ఏ జతా ఒక పట్టాన నచ్చలేదు. నిచ్చెన ఎక్కి దిగి, ఎక్కి దిగి, జోళ్ళాయన మోకాళ్ళు కొత్త తోలు కంటే ఎక్కువ కిర్రుమంటున్నాయి. చివరికి ముదురు గోధుమరంగు జత ఒకటి కుదిరింది. టై ఆయన అద్దం ముందు నాలుగడుగులు వేశాడు, వెనక్కి తిరిగి మడమలు చూసుకున్నాడు, మునివేళ్ళ మీద లేచి దిగాడు.

"అచ్చంగా నా కోసమే కుట్టినట్టుంది" అన్నాడు.

జోళ్ళాయన మొహం వెలిగింది. పెట్టె మూత తెరిచి, పల్చటి కాగితం పరిచి, జత సర్దబోతున్నాడు. టై ఆయన ఫోను తీసి పెట్టె పక్కన అంటించిన చీటీకి ఫొటో తీసుకున్నాడు.

"నా దగ్గర కూపనుందండీ. ఇదే జత ఆన్‌లైన్‌లో బాగా తక్కువకి వస్తుంది. ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముందండీ. కాళ్ళు మీవి, ఫోను మీది. మధ్యలో కొలత ఒక్కటే మాది."

"కొలతకి కూడా డబ్బులు తీసుకుంటారా?"

"ఇంకా లేదండీ."

టై ఆయన నవ్వి, తన పాత జోళ్ళు తనే తొడుక్కుని వెళ్ళిపోయాడు. జోళ్ళాయన కాగితాలన్నీ మళ్ళీ ఉండలు చుట్టి జోళ్ళ ముక్కుల్లో కూరాడు. "కాళ్ళిక్కడ, కొనుగోళ్ళక్కడ. సిగ్గుండక్కర్లేదూ మనిషన్నాక" అని ఆ ఉండలతో అన్నాడు. ఆ మాట ఎవరిని అన్నాడో మర్నాటికి గానీ ఆయనకి తెలియలేదు.

గల్లా దగ్గర్నుంచి ఓనరు పిలిచాడు. "సోమవారం హెడ్డాఫీసు మనిషొస్తున్నాడు. వారమంతా ఇక్కడే కూర్చుని ఎవరు అవసరమో, ఎవరు అనవసరమో చూసిపోతాడట. ఆ జుట్టేమిటయ్యా? ఆ తలతో కనబడ్డావంటే పాలిష్ బ్రష్షనుకుని నిన్ను అర మీద పెట్టించేస్తాడు."

జోళ్ళాయన తల తడుముకున్నాడు. నిజమే, చెవులు జుట్టు కింద దాక్కుని చాలాకాలమైంది. కాళ్ళ ధ్యాసలో తల సంగతి మరిచిపోయాడని కాదు. జీతానికి కటింగ్ పడిన దగ్గర్నుంచీ తలకి కటింగ్ వాయిదా పడుతోంది. ఒకేసారి రెండు కటింగులు తట్టుకునే స్తోమతు ఆ ఇంటికి లేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు పొయ్యి మీద కంటే ఫోను మీదే ఎక్కువ ఉడుకుతోంది. ఇదివరకు సబ్బు అయిపోతే సబ్బు కొనేవారు. ఇప్పుడు కూపన్ గడువు అయిపోతోందని సబ్బు కొంటున్నారు. మంచాల కింద బట్టల సబ్బులు, బీరువా మీద పళ్ళపేస్టులు. పక్కింటావిడా ఇల్లాలూ ఇదివరకు కూరలు ఇచ్చిపుచ్చుకునేవారు, ఇప్పుడు కూపన్లు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. "మీకు నూనె వచ్చిందా? మాకు ఉప్పే వచ్చింది" అని గోడ మీంచి వాకబు. అన్నిటికంటే పెద్ద తగ్గింపులు మాత్రం మొదటిసారి వచ్చేవారికి మాత్రమే. ఒక్కో ఫోను నంబరుకీ ఒక్కసారే మొదటిసారి. ఆయన నంబరు మొదటిసారులన్నీ అయిపోయాయి, ఇల్లాలివి అయిపోయాయి, కాలేజీకి వెళ్ళే అమ్మాయివి ఎప్పుడో అయిపోయాయి. పుట్టి బుద్ధెరిగి ఏదీ కొనని నంబరు ఆ ఇంట్లో ఒక్కటే మిగిలింది. అది అత్తగారిది. ఆవిడ ఫోను ఎత్తి "ఆఁ" అనడానికీ, పెట్టేముందు "సరే" అనడానికీ తప్ప వాడి ఎరగదు.

"అమ్మమ్మ నంబరు మీద బుక్ చేసేశా నాన్నా" అంది అమ్మాయి, జుట్టు సంగతి వినగానే. "రేపు పొద్దున్నే. సగం ధరే. తల మసాజ్ ఫ్రీ. పేరడిగితే అమ్మమ్మ అని కొట్టేశా."

"కటింగ్‌కి అమ్మమ్మ ఏమిటే?"

"వాళ్ళకి కావలసింది నంబరు నాన్నా. తల ఎవరిదైతే ఏం?"

అత్తగారు మంచం మీంచే చెవి ఇటు పెట్టింది. "నా పేరు మీద ఏం కొంటున్నారర్రా?"

"నాన్నకి కటింగ్ అమ్మమ్మా."

"చేయించండి. నా తల మీద వెంట్రుకలు ఎటూ లేవు, పేరైనా పనికొస్తే సంతోషం."

"ఎక్కడే ఈ కటింగు?" అన్నాడు జోళ్ళాయన.

"గడియారం స్తంభం వీధిలో. ఏదో స్టూడియో అట. మ్యాప్ నీ ఫోనుకి పంపించా, అది ఎటు తిరగమంటే అటు తిరుగు."

ఆ వీధి ఆయనకి బాగా తెలుసు. ఆ వీధిలో కొత్తగా పెట్టిన అద్దాల సెలూన్ ఉంది, స్టూడియో అంటే అదే అయ్యుంటుంది. దానికి సరిగ్గా ఎదురుగా కత్తెరాయన షాపుంది. పెళ్ళి నాటి నుంచీ జోళ్ళాయన తల ఆ కత్తెర కిందే పెరిగింది, అక్కడే పల్చబడింది. ఒకడు కాళ్ళు పట్టుకుని బతికేవాడు, ఇంకొకడు తలలు పట్టుకుని బతికేవాడు, ఇద్దరం కలిస్తే ఒక నిండు మనిషిని చూసుకుంటాం అని ఎప్పుడో నవ్వుకున్నారు. ఆ నవ్వులోంచే ఒకరినొకరు బావా అనుకోవడం పుట్టింది. ఏ వైపు చుట్టరికమో ఇద్దరికీ తెలియదు. కుర్చీలో కూర్చున్నంతసేపూ జోళ్ళాయన జోకులు వేసేవాడు, కత్తెరాయన కత్తెర ఆపి నవ్వి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అందుకే అక్కడ కటింగ్ ఎప్పుడూ ఆలస్యమే.

ఇప్పుడు ఎదురుషాపుకి పోవాలి. బావ చూడకుండా గోడ పక్కనించి నక్కి వెళ్ళొచ్చునని లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క ఇల్లాలికి చెప్పలేదు, తనకి తను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

ఆదివారం పొద్దున వీధి మలుపు తిరిగి, తల దించుకుని, అద్దాల సెలూన్ ఉన్న కుడివైపు గోడకి అంటుకుని నడుస్తుంటే చేతిలో ఫోను గట్టిగా మాట్లాడింది. "మీరు చేరవలసిన చోటు ఎడమవైపున ఉంది."

ఎడమవైపున కత్తెరాయన షాపుంది. పాత బోర్డు పాతగానే ఉంది. దాని కింద గాజు తలుపు మీద మాత్రం స్టూడియో అని కొత్త స్టిక్కరు మెరుస్తోంది. ఆ తలుపు తుడుస్తున్న కత్తెరాయన చేతిలో గుడ్డ ఆగింది.

"బావా" అన్నాడు. మొహమంతా నవ్వు. "ఎన్నాళ్ళయిందయ్యా. నా మీద కోపమొచ్చి ఇంకెక్కడైనా చేయించుకుంటున్నావేమో అనుకున్నా. నీ తల చూస్తే ఎక్కడా చేయించుకోలేదని తెలుస్తోంది, సంతోషం. రా, లోపలికి రా."

పారిపోవడానికి కాళ్ళు రాలేదు. కాళ్ళ వ్యాపారం చేసేవాడికి సొంత కాళ్ళే అలా అడ్డం తిరిగాయి. లోపలికెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీ అటు చివర పెన్షన్ తాతగారు పేపరు చదువుతున్నారు. కటింగ్ లేకపోయినా పేపరు కోసం రోజూ వచ్చే మనిషి ఆయన. ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని సీటు చిరిగి దారంతో కుట్టి ఉంది, దాని మీద తువాళ్ళు ఆరేశారు. రెండో కుర్చీ మీద ఒక మెత్తటి దిండు. అద్దం ముందు కొత్త మంచినీళ్ళ సీసా, విప్పని అత్తరు సీసా.

జోళ్ళాయన మనసులో ఒక నిర్ణయం చేసుకున్నాడు. కూపన్ గంగలో కలవనీ, నోరు మూసుకుని మామూలు ధరకి మామూలుగా చేయించుకుని పోదాం. ఆ నిర్ణయంతో కాస్త ఊపిరాడి కుర్చీ వైపు లేచాడు.

"ఆగాగు బావా" అన్నాడు కత్తెరాయన చెయ్యి అడ్డం పెట్టి. "నువ్వు మనవాడివి, కాసేపు కూర్చో. ఆ కుర్చీ ఒక కొత్త కస్టమర్‌ది. యాప్‌లో చేరాను తెలుసా? వాళ్ళ కుర్రాడొచ్చి షాపుకి స్టూడియో అని పేరు పెట్టిపోయాడు. చేరి ఇన్నాళ్ళకి ఇవాళే మొదటి బేరం. వాళ్ళని నిలబెడితే స్టార్లు తగ్గిపోతాయట."

"ఎవరో పెద్దావిడ" అన్నారు తాతగారు పేపర్లోంచి. "పొద్దుటి నుంచీ దిండు సర్దుతూనే ఉన్నాడు."

"పేరే అమ్మమ్మ అని రాసుంది తాతగారూ. ఎంత ముద్దుగా ఉంది. కుర్చీ ఎత్తు సరిపోదేమోనని దిండేశాను. ఈ వయసులో ఆవిడ కటింగ్‌కి వస్తోందంటే ఎంత షోకైన మనిషో."

జోళ్ళాయన మెల్లిగా బెంచీ మీద కూలబడ్డాడు.

"సగం ధరకి చేస్తే నీకేం మిగుల్తుందయ్యా?" అన్నారు తాతగారు.

"ఆ సగంలో మళ్ళీ సగం యాప్ వాళ్ళది. మిగిలింది బ్లేడుకీ సబ్బుకీ. పోనివ్వండి. కొత్త మనిషి ఒక్కసారి ఈ కుర్చీలో కూర్చుంటే చాలు. మా బావని చూడండి, ఒక్కసారి కూర్చున్నాడు, పెళ్ళైంది, పిల్ల పుట్టింది, ఇంకా లేవలేదు." కత్తెరాయన నవ్వుతూ బావ వైపు చూశాడు, వంతు ప్రకారం ఒక జోకు కోసం. జోకు రాలేదు. "ఏంటి బావా, జుట్టు పెరిగి నోరు మూసేసిందా?"

"గొంతు బాగోలేదు" అన్నాడు జోళ్ళాయన.

కత్తెరాయన గుమ్మంలోకి వెళ్ళి వీధి అటు చివర చూశాడు, ఇటు చివర చూశాడు. ఎవరో ముసలావిడ సంచీతో వస్తుంటే ఎదురెళ్ళబోయాడు. ఆవిడ మందుల షాపులోకి తిరిగిపోయింది. లోపలికొచ్చి దిండు తట్టాడు. కత్తెర తుడిచాడు. తుడిచిన దాన్నే మళ్ళీ తుడిచాడు. జోళ్ళాయన తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాడు. ఆ తుడవడం అయ్యాక చెబుదామనుకున్నాడు. తుడవడం అయింది. నాలుక మాత్రం పెట్టెలో కాగితం ఉండలా కదలకుండా పడుంది.

"పాపం దారి తెలియక తిరుగుతోందేమో" అన్నాడు కత్తెరాయన. చేతులు తడిగా ఉన్నాయని ఫోను అద్దం ముందు పెట్టి, చిటికెనవేలితో నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు.

"ఆఁ" అంది ఫోను. ఆ ఒక్క ఆఁ చాలు జోళ్ళాయనకి.

"అమ్మమ్మగారాండీ? కటింగ్‌కి టైం తీసుకున్నారు కదండీ. ఎక్కడున్నారో చెబితే నేనే ఎదురొస్తాను."

"గట్టిగా చెప్పు నాయనా."

"కటింగ్ అండీ. మీ పేరు మీద కూపనుంది."

"ఓ, అదా. అది నాక్కాదు నాయనా, మా అల్లుడికి. నా నంబరు ఎవరూ వాడని నంబరని నా పేరున వేశారు. బయల్దేరి చాలాసేపయిందే. జోళ్ళ షాపులో చేస్తాడు, మెతక మనిషి. దారిలో ఎవరి కాళ్ళో చూస్తూ నిలబడ్డాడేమో. వచ్చాక కాస్త దగ్గరగా కొట్టి పంపించు నాయనా, మళ్ళీ రెండు మూడు నెలలు చూసుకోనక్కర్లేకుండా."

"అలాగేనండీ" అన్నాడు కత్తెరాయన.

"సరే" అంది అత్తగారు, పెట్టేసింది.

తాతగారు పేపరు మొహానికి అడ్డంగా ఎత్తుకున్నారు. చదివేసిన పేజీనే మళ్ళీ చదువుతున్నారు. కత్తెరాయన తువాలుతో ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. అప్పుడు కుర్చీని బెంచీ వైపు తిప్పి పట్టుకున్నాడు.

"రండి సార్" అన్నాడు.

ఆ సార్‌లో వెటకారం లేదు. ఉండుంటే బాగుండేది, పట్టుకోవడానికి ఒక కొస దొరికేది. జోళ్ళాయన వెళ్ళి కూర్చున్నాడు. దిండు తీయలేదు. దాని మీద కూర్చుంటే తల అద్దం అంచు దాకా లేచింది, మొహం మొత్తం నిండుగా కనబడింది. చూడలేక తల దించుకున్నాడు.

తెల్లగుడ్డ విదిలించి మెడ చుట్టూ కట్టాడు కత్తెరాయన. అద్దం పక్కన యాప్ వాళ్ళు అంటించిన కాగితం వైపు చూసి, బట్టీపట్టిన పాఠం అప్పజెప్పినట్టు అడిగాడు. "నమస్కారం సార్. మా స్టూడియోకి మొదటిసారి వస్తున్నారా?"

"బావా, అది కాదు, నేను అద్దాల షాపనుకుని..." అని నాలిక కరుచుకున్నాడు. ఆ సంజాయిషీ అసలు నేరం కంటే ఘోరంగా ఉంది.

"అడగమన్నారు సార్. అడక్కపోతే మార్కులు పోతాయి. మొదటిసారి వస్తున్నారా?"

"అవునండీ" అన్నాడు జోళ్ళాయన.

"పాపిడి ఎటువైపు సార్?"

దానికి జవాబు ఆయనకి నిజంగానే తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ సంగతి బావే చూసుకున్నాడు. గుడ్డ కింద నుంచి చెయ్యి తీసి తల మీద ఎడమపక్క తడిమాడు, కుడిపక్క తడిమాడు, అద్దంలో చూస్తే ఏది ఎడమో ఏది కుడో తారుమారైంది.

"మీ ఇష్టం" అన్నాడు.

"అలా అనకూడదు సార్. కొత్తవాళ్ళ ఇష్టమే మా ఇష్టం."

నీళ్ళు చల్లాడు. దువ్వెనతో ఎత్తి, వేళ్ళ మధ్య పట్టి, కత్తిరించాడు. ఎప్పుడూ మాటల మధ్య సందు చూసుకుని కదిలే కత్తెర ఇవాళ ఆగకుండా కదిలింది. చెవిని రెండు వేళ్ళతో మడిచి దాని చుట్టూ తిరిగాడు. "తల కొంచెం దించండి సార్" అన్నాడు మెడ దగ్గరికి వచ్చి. దించిన తలను ఇంకెక్కడికి దించాలో జోళ్ళాయనకి తెలియలేదు. మెడ మీద కత్తి చల్లగా పాకింది. ఒకచోట ఆగింది, మళ్ళీ పాకింది. తర్వాత తల మసాజ్. ఇదివరకు ఉత్తపుణ్యానికి నెత్తి మీద దడదడ వాయించి "బుర్ర గట్టిదే బావా, ఖాళీగా ఉంది గనక మోగుతోంది" అనేవాడు. ఇప్పుడు అవే వేళ్ళు మెత్తగా, పద్ధతిగా, ఎక్కడ ఎంతసేపని రాసుందో అక్కడ అంతసేపు తిరిగాయి.

"ఇది ఉచితం సార్" అన్నాడు కత్తెరాయన. అది కూడా చెప్పమన్నారేమో.

ముందునుంచి ఒక ఫొటో, వెనకనుంచి ఒక ఫొటో తీశాడు. యాప్‌కి పంపాలట. జోళ్ళాయన లేచి, మర్నాటి టీ కోసం దాచుకున్న నోటు జేబులోంచి తీసి అద్దం ముందు పెట్టాడు. "ఇది ఉంచు బావా."

"యాప్‌లో కట్టేశారు కదా సార్. మళ్ళీ తీసుకుంటే మోసం చేసినట్టవుతుంది." నోటు మడిచి ఆయన చొక్కా జేబులోనే పెట్టాడు. తలుపు తెరిచి పట్టుకున్నాడు. "మళ్ళీ రండి సార్."

బయట ఎండ కొత్తగా బయటపడ్డ చెవుల మీద చుర్రుమంది. జేబుకి క్షవరం కాకుండా కాచుకుందామని వెళ్ళి, మిగిలినదంతా గొరిగించుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. "పదేళ్ళు తగ్గిపోయారు" అంది ఇల్లాలు. "సగం ధరకి పదేళ్ళంటే లాభమే." అమ్మాయి అమ్మమ్మ ఫోను తీసుకుని అయిదు స్టార్లూ నొక్కేసింది. నొక్కగానే దాని మీదొక సందేశం వచ్చింది. గట్టిగా చదివింది. "అమ్మమ్మ గారూ, మీరిప్పుడు మా పాత కస్టమర్. ఇకమీదట మీకు మామూలు ధరలే వర్తిస్తాయి."

జోళ్ళాయన అన్నం ముందు కూర్చున్నాడు. అక్కడ పాతవాడు కాకుండా పోయాడు, ఇక్కడ కొత్తవాడు కాకుండా పోయాడు. ఒక్క పూటలో రెండూ పోయాయి.

"ఆ కటింగ్ అబ్బాయి మంచి మర్యాదస్తుడు అల్లుడూ" అంది అత్తగారు. "మొదట ఎంత హుషారుగా మాట్లాడాడో. చివరికొచ్చేసరికి గొంతు చప్పబడిపోయింది. నేనేమన్నా అనకూడని మాట అన్నానా?"

"లేదత్తయ్యా. ఉన్నమాటే అన్నారు."

"మరి నువ్వెందుకు అన్నం అలా కెలుకుతున్నావు?"

ఇల్లాలు మొగుడి వైపు చూసింది. "ఏమైందండీ?" అంది. ఏం చెప్పాలి? కూపన్ వాడుకున్నానని చెబితే, వాడుకోమనే కదా ఇచ్చాం అంటుంది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ ఇంట్లో ఎవరి తప్పూ లేదు. అందుకే తన తప్పుకి తోడు ఎవరూ దొరకలేదు. "గొంతు బాగోలేదు" అన్నాడు. ఆ అబద్ధం కూడా ఇవాళ రెండోసారి.

సోమవారం వెళ్ళి మాట్లాడదామనుకున్నాడు. గడియారం స్తంభం దాకా వెళ్ళాడు. గాజు తలుపు అవతల కత్తెరాయన ఒంటరిగా కుర్చీ తుడుస్తూ కనబడ్డాడు. దిండు ఇంకా దాని మీదే ఉంది. వెనక్కి తిరిగొచ్చేశాడు. మంగళవారం ఆ వీధి వదిలేసి చుట్టూ తిరిగి షాపుకెళ్ళాడు.

సోమవారమే దిగిన హెడ్డాఫీసు మనిషి కుర్రవాడే. పలక లాంటి పెద్ద ఫోను ఒళ్ళో పెట్టుకుని గల్లా పక్కన కూర్చున్నాడు. "ఆన్‌లైన్ వాళ్ళని ఆన్‌లైన్ పద్ధతిలోనే కొట్టాలి" అన్నాడు. "ఇవాళ్టి నుంచి మనమూ కూపనిస్తున్నాం. మొదటిసారి వచ్చేవారికి మాత్రమే. ఎవరు ఎన్ని కొత్త నంబర్లు పట్టిస్తే వాళ్ళకి అన్ని మార్కులు."

"మరి పాతవాళ్ళకండీ?" అన్నాడు జోళ్ళాయన.

"పాతవాళ్ళు ఎలాగూ వస్తారు. వాళ్ళ మీద ఖర్చెందుకు?"

ఓనరు నవ్వాడు. జోళ్ళాయన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళందరూ పాతవాళ్ళే, పాదం చూడగానే పేరు గుర్తొచ్చేవాళ్ళు. బుధవారం మధ్యాహ్నానికి ఆయన పేరు పక్కన ఒక్క మార్కూ పడలేదు. హెడ్డాఫీసు కుర్రాడు రెండుసార్లు ఆయన వైపు చూసి పలక మీద ఏదో గీశాడు.

అప్పుడు గుమ్మంలో కత్తెరాయన నిలబడ్డాడు. చెప్పులు బయట విడవబోయి, ఇది చెప్పుల షాపని గుర్తొచ్చి ఆగాడు. ఇన్నేళ్ళలో ఆయన ఈ షాపు గడప తొక్కలేదు. తెగిన పట్టీ తనే కుట్టుకుని, అరిగిన అడుగు తనే అతికించుకునే మనిషి. జోళ్ళాయన తటాలున లేవబోయాడు, కాలు స్టూలుకి తట్టుకుంది.

"రండి" అన్నాడు. బావా అనే మాట నోటి దాకా వచ్చి, తనకి ఇంకా ఆ హక్కుందో లేదో తెలియక వెనక్కిపోయింది.

"రోజంతా నిలబడే పని సార్" అన్నాడు కత్తెరాయన కూర్చుంటూ. "మడమలు లాగేస్తున్నాయి. మెత్తగా, గట్టిగా ఉండేది చూపించండి."

జోళ్ళాయన ఆ పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. కుర్చీ చుట్టూ తిరిగీ తిరిగీ అది చపాతీపీటలా పరుచుకుపోయింది. మడమ పగుళ్ళలో చిన్నచిన్న వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి, ఎంత కడిగినా పోనివి. నల్లవి, తెల్లవి, నెరిసీ నెరవనివి. వాటిలో తనవి కూడా ఉండుంటాయి. గుడ్డతో మెల్లిగా తుడిచాడు. కొలత పలక పెట్టకుండానే లేచి నిచ్చెన ఎక్కి, పై అరలోంచి బకిలున్న తోలు శాండల్స్ జత దింపాడు. అడుగు దళసరిగా, మడమ దగ్గర గుంటతో ఉన్నవి. తొడిగాడు. బొటనవేలి ముందు నొక్కి చూశాడు. చోటు సరిగ్గా ఉంది.

కత్తెరాయన వంగి, పెట్టె చేతిలోకి తీసుకుని, జేబులోంచి ఫోను తీసి, చీటీ ఎదురుగా పట్టుకున్నాడు.

జోళ్ళాయనకి టై ఆయన ఫోను గుర్తొచ్చింది. సరే. ఇదే న్యాయం. కొలత ఇక్కడ, కొనడం అక్కడ. తనకిది కావలసిందే. తనే చెయ్యి చాచి, చీటీ మీద వెలుతురు సరిగ్గా పడేట్టు పెట్టెను కాస్త తిప్పాడు. "ఇలా అయితే ఫొటో బాగా వస్తుంది" అన్నాడు నెమ్మదిగా.

"ఫొటో ఏమిటి సార్? ధర చదువుదామని. కళ్ళజోడు షాపులో వదిలొచ్చాను, ఇందులో అయితే అక్షరాలు పెద్దవిగా కనబడతాయి."

జోళ్ళాయన చెవులు కాలిపోయాయి. దాచడానికి వాటి మీద జుట్టు కూడా లేదు, కత్తిరించినవాడు ఎదురుగానే కూర్చున్నాడు. వంగి బకిల్ పెట్టడం మొదలుపెట్టాడు.

హెడ్డాఫీసు కుర్రాడు పలక పట్టుకుని వచ్చాడు. "నమస్కారమండీ. మా షాపుకి మొదటిసారి వస్తున్నారా?"

"అవునండీ. మొదటిసారే."

"అయితే మీకు కూపనుంది. నంబరు చెప్పండి, ఈ జత సగం ధరకే. మా సేల్స్‌మన్‌కి కూడా ఒక మార్కు పడుతుంది."

కత్తెరాయన నంబరు చెప్పాడు. కుర్రాడు కొట్టుకున్నాక, "మార్కు ఆయనకి వేయండి" అన్నాడు. "ధర మాత్రం చీటీ మీద ఉన్నదే తీసుకోండి. తగ్గింపు వద్దు."

"ఎందుకండీ? నిజంగా మొదటిసారి వచ్చినవాళ్ళు, ఇది మీకు రావలసిందే."

"ఇది మా బావ షాపు."

కుర్రాడికి అర్థం కాలేదు. "బంధువులా?" అన్నాడు.

"పాత కస్టమర్లం" అన్నాడు కత్తెరాయన.

జోళ్ళాయన బకిల్ వదల్లేదు. ఒక కాలిది ఎప్పుడో పడింది, రెండోదీ పడింది. పడినదాన్ని విప్పి మళ్ళీ పెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి రంధ్రం కనబడటం లేదు. తల మీద ఒక చెయ్యి పడింది, తెలిసిన బరువే.

"పట్టీ కాళ్ళకేగా, మెడకి కాదుగా. అంతలా బిగించకు" అన్నాడు పైనుంచి కత్తెరాయన. "కదలకు. ఇందుకే వచ్చాను. వెనకనుంచి తీసిన ఫొటోలో చూసుకున్నా. మెడ దగ్గర ఎడమపక్క వంకరగా వదిలేశాను. ఆవేళ చెయ్యి నా మాట వినలేదు. ఇన్నేళ్ళలో ఎవరినీ అలా పంపలేదు బావా, అదీ నిన్ను. మూడు రోజులుగా సిగ్గుతో చస్తున్నా."

"నువ్వా" అన్నాడు జోళ్ళాయన. ఈసారి ఆ గొంతు నిజంగానే బాగోలేదు.

కత్తెరాయన చొక్కా జేబులోంచి చిన్న దువ్వెన తీశాడు, దాని వెనకే కత్తెర. షాపు మధ్యలో, హెడ్డాఫీసు కుర్రాడు పలక పట్టుకుని చూస్తుండగా, ఒకడు ఒకడి కాలు పట్టుకుని ఉన్నాడు, ఆ కాలి తాలూకు మనిషి వీడి తల పట్టుకుని ఉన్నాడు. కత్తెర రెండుసార్లు కదిలింది. నాలుగు వెంట్రుకలు కొత్త శాండల్ మీద రాలాయి. జోళ్ళాయన వాటిని చొక్కా చేతితో తుడిచాడు.

"అయింది. తలెత్తు బావా" అన్నాడు కత్తెరాయన.

కాసేపాగి మళ్ళీ అన్నాడు. జోళ్ళాయన అప్పటికే శుభ్రంగా ఉన్న ఆ పట్టీని ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.